బరంపురంలో శనివారం ఇల్లు

నేను బరంపురం వెళ్ళొచ్చానని తెలిసి రాజమండ్రిలో ముగ్గురు మూడు ప్రశ్నలు వేశారు. ఒకావిడ "పట్టుచీర తెచ్చావా?" అంది. ఇంకొకావిడ "అప్పడాలేవీ?" అంది. మూడో ఆయన మా వీధి చివరి ప్లీడరుగారు. ఆయన ముక్కుపొడుం పీలుస్తూ, "అది ఇప్పుడు ఒరిస్సా కదమ్మా, అక్కడ ఇంకా మనవాళ్ళున్నారా?" అన్నారు. ఈ రాతంతా ఆ మూడో ఆయన కోసం. చీరా తెచ్చాను, అప్పడాలూ తెచ్చాను. ఆ సంగతి మిగతా ఇద్దరితో విడిగా తేల్చుకుంటాను.

ఇచ్ఛాపురం

మా చెల్లెలు కాంతానిది ఇచ్ఛాపురం. భర్త పోయాక మామగారు కామయ్యగారి పంచన, ఒక్కగానొక్క కూతురు రుక్మిణితో రోజులు వెళ్ళదీస్తోంది. రుక్మిణి ఈ ఏడు స్కూలు ఫైనలు పాసయింది. ఆ పిల్లని ఎత్తుకు పెంచింది తాత. పక్కన కూర్చోబెట్టుకుని చదివించింది తాత. తీరా కాలేజీ మాట వచ్చేసరికి అడ్డం పడిందీ తాతే.

కాలేజీ ఉన్నది ఏ దేశాంతరమో కాదు, రైల్లో గంట ప్రయాణం లేని బరంపురంలో. అయితే ఆ కాస్త దూరం మధ్యలోనే కొత్త రాష్ట్రం గీత పడింది. నిన్నటిదాకా రెండు ఊళ్ళూ ఒక్క గంజాం జిల్లా. ఇప్పుడు బరంపురం ఒరిస్సాకి పోయింది, ఇచ్ఛాపురం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. ఆనాటి నుంచి కామయ్యగారు గీత అవతల కాలు పెట్టలేదు. "మనూరు మనకి కాకండా పోయినాక ఎల్లి ఏటి సూడాల?" అని ఆయన పంతం.

నేను దిగింది శనివారం పొద్దున్న. మా కోమట్ల ఇళ్ళలో శనివారం ఒక్కపొద్దు. దీపాలు పెట్టేదాకా పొయ్యి రాజదు. నేనూ కాంతమూ మంచినీళ్ళు తాగి కూర్చున్నాం. కామయ్యగారు మాత్రం అరుగు మీద చద్దన్నం గిన్నె పెట్టుకుని, వేయించిన వడియాలు నలిపి పైన చల్లుకుని, ఎవరికీ వెరవకుండా తింటున్నారు. "మా మామగారికి శనివారం లేదు అక్కా. ఎందుకని అడిగితే మీద పడి కరుస్తారు" అంది కాంతం గొంతు తగ్గించి.

గిన్నె కడుక్కుని వచ్చి ఆయనే మాట ఎత్తారు.

"పంతులమ్మా, నీ సెల్లెలు నిన్ను రప్పించింది నా మెడలు వంచడానికే కదా? ఇను. నాను బరంపురంలో వారాలు సేసుకుని సదివినాను. రోజుకో ఇంట్లో తిన్నాను. ఆదివారం బెల్లం కొట్టోరు, సోమవారం నూనె కొట్టోరు..." అంటూ ఒక్కో వేలే మడిచి శుక్రవారం దాకా వచ్చారు.

"శనివారమో, తాతా?" అంది రుక్మిణి.

"ఏడోది ఏడోదే. అడ్డం రాకు." ఆయన దగ్గి గొంతు సవరించుకున్నారు. "ఒకిల్లు మొగమాటానికి పెడతాది. ఏడిళ్ళు పెడితే ఊరు పెట్టినట్టు. నా మనవరాలికి ఏడు వారాలూ ఏడిళ్ళు అన్నం పెడతామంటే, ఆ ఊరు ఇంకా మనదేనని ఒప్పుకుంటాను. కాలేజీ కాయితం మీద సంతకం సేత్తాను. నేదంటే ఇది ఇంటికాడే ఉంటాది."

రోజూ రైల్లో వెళ్ళి రావడానికి బండి వేళలు కుదరవు. పెద్దదిక్కు సంతకం లేనిదే కాలేజీలో చేర్చుకోరు. బుధవారంతో గడువు సరి. పైగా మగపిల్లలకి వారాలిచ్చిన ఇళ్ళు కోకొల్లలు గాని, ఆడపిల్లకి వారం ఇచ్చిన ఇల్లు నేను కనీ వినీ ఎరగను. అది తెలిసే ఆయన ఆ షరతు పెట్టారు. నాకు ఒళ్ళు మండి, "అలాగే మామగారూ, ఏడిళ్ళూ చూసుకునే వస్తాం" అనేశాను. నా నోటి సంగతి ఎరిగినవాళ్ళకి ఇందులో వింత ఉండదు.

బయల్దేరేటప్పుడు ఆయన పెట్టెలోంచి పాత కంచు గ్లాసొకటి తీసి రుక్మిణి చేతిలో పెట్టారు. వారాలు చేసేవాళ్ళు ఎవరింటికైనా సొంత గ్లాసుతోనే వెళ్ళాలట. షరతు పెట్టిన చెయ్యే గ్లాసూ ఇచ్చింది. మనిషి నాకు బొత్తిగా అంతుపట్టలేదు.

పెద్ద బజారు

ఆదివారం బరంపురంలో దిగాం. జట్కావాడు మాతో తెలుగూ, పోలీసుతో ఒడియా, గుర్రంతో రెండూ కలిపీ మాట్లాడాడు. కొట్ల బోర్డుల మీద గుండ్రటి అక్షరాలు రెండు రకాలు పక్కపక్కనే ఉన్నాయి. ఏది తెలుగో ఏది ఒడియానో తేల్చుకునేసరికి బండి ముందుకు పోయేది.

ఊరంతా కాలేజీ గంటతో నడుస్తుంది. పెద్ద బజారులో కింద కొట్లు, పైన విద్యార్థుల గదులు. కిటికీల్లో పంచెలు ఆరుతుంటాయి, పంచెల వెనక నుంచి పాఠాలు వల్లె వేస్తున్న గొంతులు వినిపిస్తుంటాయి. కాఫీ హోటలువాడు గంట విని పాలు పొయ్యి మీద పెడతాడు. చాకలి పరీక్షల రోజులు చూసుకుని తన చుట్టాలింటికి వెళతాడు. కుర్రాళ్ళు గదికి నలుగురూ ఐదుగురూ సర్దుకుంటారు. నీళ్ళు మాత్రం బావి దగ్గర వంతుల మీద తోడుకోవాలి. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని కాబట్టి నీళ్ళ దగ్గర నాకు కాస్త పొగరు. బావి దగ్గర ఆ వరస చూసి పెదవి విరిచాను. హోటల్లో పూటభోజనం రెండణాలకి పప్పూ, గుమ్మడికాయ పులుసూ, అడిగినంత అన్నమూ వడ్డించేసరికి విరిచిన పెదవి దానంతటదే మూసుకుంది.

మొదట తట్టిన తలుపు పట్టుచీరల టోకు వ్యాపారం చేసే వాళ్ళది. ఆ ఇల్లాలు సీతమ్మగారు మమ్మల్ని చూడగానే చాప పరిచింది, కాఫీ ఇప్పించింది, పళ్ళెంలో మిఠాయి పెట్టింది. ఇంత మర్యాదా అని నేను పొంగిపోతుండగా, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న వాళ్ళబ్బాయి వచ్చి ఎదురుగా తలొంచుకు కూర్చున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. ఈడొచ్చిన పిల్లని ముస్తాబు చేసి ఇంటికి తీసుకొచ్చిన పెద్దముత్తైదువ ఇంకెందుకు వస్తుంది?

"అయ్యో, మేం పెళ్ళి చూపులకి రాలేదమ్మా. వారం అడగడానికి వచ్చాం" అన్నాను.

"వారమా? ఎవులికి?"

"నాకే అప్పా" అంది రుక్మిణి గ్లాసు చూపించి. అక్కడి మాటలో అప్ప అంటే అక్క. "కాలేజీలో సేరతాను. మీకు కుదిరిన వారం పొద్దున పూట ఇంత అన్నం పెట్టండి. ఆకు నానే ఎత్తుకుంటాను."

సీతమ్మగారు గ్లాసు వంకా పిల్ల వంకా చూసింది. తర్వాత కొడుకు వంక తిరిగి, "నువ్వు సొక్కా మార్సుకుని కొట్టుకెల్లు. ఈ పిల్ల మనింటికి వొచ్చింది అన్నానికి, నీకోసం కాదు" అని, మాతో, "ఆదివారం మాది" అంది. నాకు కళ్ళు చెమర్చాయి. అడ్డదారిన పెళ్ళిచూపుల మిఠాయి తిన్నందుకు సిగ్గూ వేసింది.

అక్కడ ఒక ఆచారం ఉంది. వారం ఇచ్చిన ఇల్లాలు, అడగొచ్చిన వాళ్ళని తర్వాతి ఇంటిదాకా తనే నడిపించుకు వెళ్ళాలి. అలా వెళ్ళకపోతే తనిచ్చిన వారం చెల్లదంటారు. సీతమ్మగారు చీర మార్చుకుని మాతో వచ్చింది. రెండో ఇంటావిడ మూడో ఇంటికి వచ్చింది. "ఆడపిల్ల వారాలా?" అని ప్రతి గుమ్మంలోనూ బుగ్గ నొక్కుకున్నారు. కాని ఎవరి గుమ్మంలోనైతే బుగ్గ నొక్కుకున్నారో ఆ గుమ్మంలోనే ఒక వారమూ ఇచ్చారు. "మొగోళ్ళకి పెట్టి పెట్టి ప్లీడర్లని సేసినాం, ఒక ఆడకూతురికి పెట్టి సూద్దాం" అని మూడో ఇంటి ముసలావిడ నవ్వింది. మా ప్లీడరుగారు ఇది గమనించగలరు.

కాలేజీ

సోమవారం కాలేజీ చూశాం. దరఖాస్తు కాగితం తీసుకునే వరసలో మా ముందు కొడల అనే ఊరి నుంచి వచ్చిన ఒడియా రైతు ఒకాయన ఉన్నాడు. కొడుకుని చేర్చడానికి వచ్చాడు. భుజాన బియ్యం మూట. కొడుకు హాస్టలు బియ్యం తినలేడేమోనని ఆ బెంగ. నన్ను వాళ్ళ ఒడియాలో లాగా 'మా', అంటే అమ్మా, అని పిలుస్తూ తనకొచ్చిన తెలుగులో మాట కలిపాడు.

"రాష్ట్రం మాది అయినాది మా, గాని పరీక్ష పెట్టేది మీ వాల్తేరు యూనివర్సిటీ. పిల్లోడు ఒడియా, మేష్టరు తెలుగు, పుస్తకం ఇంగిలీషు. పాసయితే ఎవులోడు అయినట్టు?"

"మీ కొడుకే అవుతాడు లెండి" అన్నాను. అతను పకపకా నవ్వి, మూటలోంచి అటుకులు తీసి రుక్మిణి కొంగులో పోశాడు. మా రాజమండ్రిలో ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గర తినుబండారం పుచ్చుకుంటే నాలుగు వీధులు చెప్పుకుంటారు. ఇక్కడ పుచ్చుకోకపోతే తప్పు.

ఆ సాయంత్రానికి ఐదిళ్ళు కుదిరాయి. నా గర్వం ఇంతా అంతా కాదు. కామయ్యగారి మొహం ఎలా మాడుతుందో తలచుకుంటూ నిద్రపోయాను.

అంకులి

మంగళవారం పొద్దున్న ఐదో ఇంటావిడ మమ్మల్ని ఊరి శివార్లలో అంకులికి తీసుకెళ్ళింది. అక్కడ నరసమ్మ అనే ఆవిడ అన్నగారింట్లో ఉంటూ అప్పడాలు చేస్తుంది. మేం వెళ్ళేసరికి వానమబ్బు చూసి అప్పడాల చాపలు లోపలికి లాగుతోంది. మేమూ తలో కొసా పట్టుకున్నాం. నా కాలి కింద పడి ఒక డజను అప్పడాలు పొడయ్యాయి. "పరవానేదు, మీరే కొనుక్కోండి" అంది నరసమ్మ. నేను తెచ్చిన అప్పడాల్లో విరిగినవి ఎక్కువెందుకో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

సంగతి విని ఆవిడ వెంటనే, "శుక్రవారం నాది. పడుకోడానికి నా వెనక గది ఇత్తాను" అంది.

"ఇంకేం, ఆరయ్యాయి. మిగిలింది శనివారం ఒక్కటే" అన్నాను గొప్పగా.

నరసమ్మ చేతిలో చాప అలాగే పట్టుకుని నా వంక చూసింది. "శనివారం మనోళ్ళ ఇళ్ళల్లో పొద్దున్న పొయ్యెక్కడ రాజుతాది పంతులమ్మా?"

ఇళ్ళు లెక్కపెట్టుకున్నాను గాని వారాలు చూసుకోలేదు. మూడు రోజుల కిందటే పస్తున్నదాన్ని, పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ శనివారాలు చేస్తున్నదాన్ని, నాకే తట్టలేదు. మిగతా వారాలన్నీ ఇళ్ళవాళ్ళు ఎగరేసుకుపోతుంటే అది మా గొప్పేననుకున్నాను.

"పెట్టమంటే పెడతారు" అంది నరసమ్మ. "గాని ఇంటిల్లిపాదీ పస్తుండి దీనికొక్కదానికీ వండితే దీని గొంతు దిగుతాదేటి?"

"దిగదు" అంది రుక్మిణి. అప్పటిదాకా ఒక్కసారీ డీలాపడని పిల్ల ఆ మాటతో గ్లాసు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుంది. మర్నాటితో గడువు సరి. ఆ ఒక్కపూటా పస్తుంటానన్నా, ఆరిళ్ళంటే తాత ఒప్పుకోడు. ఆ పిల్ల చదువు ఒక్క పూట అన్నం దగ్గర ఆగిపోయింది.

నరసమ్మ చాప చుట్టి గోడకి ఆనించింది. "తర్వాతిల్లు సూపించకపోతే నా వారం సెల్లదు. లెగండి, గోసాని నువాగాం ఎల్దాం."

గోసాని నువాగాం

ఆ వీధిలోకి తిరగ్గానే నాకు చేపల వాసన వచ్చింది. నరసమ్మ ఆగిన గుమ్మంలోంచే వస్తోంది. మేం ఉల్లిపాయకే ముక్కు మూసుకునే వాళ్ళం. నేను గుమ్మం బయటే నిలబడిపోయాను.

ఆ ఇంటావిడని వీధంతా "బొవు" అంటారు. ఒడియాలో అమ్మ అని. నరసమ్మ ఆవిడకి అప్పడాలు నేర్పింది, ఆవిడ నరసమ్మకి మినప వడియాలు నేర్పింది. ఇరవై ఏళ్ళ నేస్తం. "ఆసొ, బొసొ" అని, రండి కూర్చోండి అని, బొవు మమ్మల్ని పిలిచింది. నేను కదల్లేదు. రుక్మిణి మాత్రం తిన్నగా లోపలికి వెళ్ళి, గ్లాసు ఆవిడ ముందు పెట్టి, చక్కటి ఒడియాలో సంగతంతా చెప్పింది.

బొవు నన్ను చూసి నవ్వింది. "వాసన వొస్తుందా మా? ఈరోజు మంగళవారం. సోమ, గురు, శని మా ఇంట ఆమిషం నేదు, సేపలు వొండం. పిల్లకి పొయ్యి వేరు, కుండ వేరు. శనివారం పొద్దున్న పొఖాళొ పెడతాను, నీళ్ళు పోసిన అన్నం. పైన వడియం నలిపి సల్లుతాను. ఆకుకూర వేపుడు. సాలునా?"

మా ఇళ్ళలో పొయ్యి ఆరి ఉండే రోజే ఆ ఇంట్లో మాకు పనికొచ్చే పొయ్యి వెలుగుతుంది. నాకు నా ముక్కు మీదే కోపం వచ్చింది. గుమ్మం దాటి వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకున్నాను.

బయటికి వచ్చాక నరసమ్మ నా చెవిలో, "ముసలాయన ఒప్పుతాడేటి? శనివారం మా పక్కింటోళ్ళదని సెప్పీ" అంది.

"వొద్దప్పా" అంది ఆ మాట చెవిన పడ్డ రుక్మిణి. "ఆయమ్మ పెట్టే అన్నం దాసి సెప్పి తినే కన్నా సదువు మానెయ్యడమే మేలు. తాతకి ఉన్నదున్నట్టు సెప్తాను. ఆపైన ఆయన ఇష్టం."

నేను పదిహేనేళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. ఆ మాట అన్న పిల్ల మా ఇంటి పిల్ల అయినందుకు గర్వంగా లేదంటే అబద్ధమే అవుతుంది.

మళ్ళీ ఇచ్ఛాపురం

సాయంత్రానికి ఇల్లు చేరాం. కామయ్యగారు అరుగు మీదే ఉన్నారు. రుక్మిణి ఎదురుగా నిలబడి ఆదివారం నుంచి మొదలుపెట్టింది. ఒక్కో ఇంటికీ ఆయన "ఊఁ" అంటూ వేలు మడిచారు. శుక్రవారం అయింది.

"శనివారం గోసాని నువాగాం, తాతా. ఒడియా ఓళ్ళు. సేపలు వొండుకుంటారు, శనివారం వొండరు. పొఖాళొ పెడతాదంట."

కాంతం దరఖాస్తు కాగితం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కామయ్యగారు ఏడో వేలు మడవలేదు. మనవరాలి వైపు వంగి అడిగారు.

"పైన వడియం నలిపి సల్లుతాదేటి?"

"అవును. నీకెలా తెలుసు?"

ఆయన పై కండువాతో మొహం తుడుచుకున్నారు. "నా కాలంలో మాత్రం శనివారం మనోళ్ళ పొయ్యి రాజేదేటే? గోసాని నువాగాంలో ఒక ఒడియా తల్లి నాలుగేళ్ళు పెట్టింది. సేపల కుండున్న ఇంట్లో తిన్నానంటే కులంలో తలెత్తుకోనిచ్చేవోరు కారు. అందుకే ఎప్పుడడిగినా ఆరే సెప్పినాను. బెల్లం కొట్టోణ్ణి తలుసుకున్నాను, నూనె కొట్టోణ్ణి తలుసుకున్నాను. ఆ తల్లి పేరు ఎత్తనేదు. ఊరు పరాయోళ్ళది అయిపోనాదని ఈ అరుగు మీద కూకుని అరిసినాను సూడు, ఆ తిండి తిన్న నోటితోనే అరిసినాను."

కాంతం కాగితమూ కలమూ ముందు పెట్టింది. ఆయన పక్కకి తోసేశారు. "ఇక్కడ పెట్టను సంతకం."

ఆయన లేచి, చూరుకి వేలాడుతున్న గొడుగు దించి, దుమ్ము దులిపారు. "పొద్దున్న బండి ఎన్ని గంటలకి? అక్కడే పెడతాను."

బుధవారం తాతా మనవరాలూ నేనూ గీత దాటాం. కాలేజీలో పని అయ్యాక ఆయన దారి అడక్కుండా గోసాని నువాగాంలోకి నడిచారు. ఒక కట్టెల అడితి ముందు ఆగి చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు. తను తిన్న ఇల్లు అదేనట. ఇప్పుడు గోడ కూడా లేదు. ఆ పక్క వీధిలోనే బొవు ఇల్లు.

బొవు గుమ్మంలోకి వచ్చి కంగారు పడింది. "రా బాబూ, గాని ఈరోజు బుధవారం. పొయ్యి మీద సేపలున్నాయి. నీకు పెట్టడానికి ఏటీ నేదే!"

కామయ్యగారు అరుగు మీద కూర్చున్నారు. రుక్మిణి చేతిలోంచి కంచు గ్లాసు తీసుకుని, ఆవిడ ముందుకి చాచి, మంచినీళ్ళు పోయించుకుని తాగారు.

"శనివారం వొత్తాను, తల్లీ. ఏభయ్యేళ్ళు ఆగినోణ్ణి, మూడ్రోజులు ఆగనేనేటి?"